ఆర్కిడ్ కుండీలో మన్ను వలదు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలలో వాన తక్కువ. కావున తేమ నిలుపు మన్నే ఆర్కిడ్ కుండీకి తగునని పెక్కురు తలంతురు. ఈ మతము నాకు సమ్మతము కాదు.

సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బర్గు దొర 1795లో వర్ణించిన మొక్క, నేఁడు వాండా టెసెల్లేటా యనఁబడునది, చెట్ల కొమ్మల నంటి పెరుగును. అచ్చట దానికి మన్నెక్కడిది? దాని వేళ్లపైనున్న తెల్లని పొర స్పంజివలె నీటిని పీల్చి పచ్చఁబడును; పిమ్మట దానికి గాలి తగిలి యారవలెను. మెత్తని మంటిలో ఆ వేరు ఊపిరాడక క్రుళ్లును. నేలలో పెరుగు ఆర్కిడ్ జాతుల మాట వేఱు.

కావున బొగ్గు ముక్కలు, పగిలిన యింటిపెంకులు, కొంచెము కొబ్బరిపీచు చాలునని నా యభిప్రాయము. దూరదేశపు నాచునకు రూకలు పోయనేల? పీచును మాత్రము కొన్నిదినములు నీరు మార్చుచు నానవేసి, అందలి యుప్పును పోఁగొట్టవలెను. ఈ సీమలో పెక్కుచోట్ల బోరునీటిలోను లవణము లెక్కువ; అవి పీచున పేరుకొని వేళ్లను మాడ్చును. వాననీరు పట్టియుంచినవారు ధన్యులు. అది లేనివారు అప్పుడప్పుడు కుండీ యడుగునుండి ధారగా కాఱునట్లు నీరు పోయుదురు గాక.

ధర్మవరపు వేసవిలో పెంకులు త్వరగా నెండునన్న యాక్షేపణ నిజమే. దానికి మందు మన్ను కాదు; ఉదయమున నీరు పోసి, కుండీక్రింది నేలను తడిపి, మధ్యాహ్నపుటెండకు నీడ కల్పించుట.