చెట్టుకు పాదు చేసేదెవరు?



వార్డులలో ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఒక మాట తరచుగా మా చెవిన పడుతుంది. చూడవచ్చిన బంధువులో, సంఘస్థులో మంచం మీద ఉన్నవారితో, "నీ ప్రార్థన చాలలేదు, విశ్వాసము తక్కువైంది, అందుకే జబ్బు తగ్గడం లేదు" అంటారు. ప్రేమతోనే అన్నా, అది జబ్బు మీద మరొక బరువు. ఆ మాట వాక్యమునకు సరిపడదని మా అభిప్రాయము.

లూకా సువార్త 13వ అధ్యాయము చూడండి. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారు మిగతావారికంటే ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పి, మారుమనస్సు అందరికీ అవసరమన్నాడు. ఆ వెంటనే అంజూరపు చెట్టు ఉపమానము చెప్పాడు. మూడేండ్లుగా కాపు లేని చెట్టును కొట్టివేయమన్నాడు యజమాని. తోటమాలి మరొక్క ఏడాది గడువు అడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. పాదు తవ్వేదీ, ఎరువు మోసేదీ చెట్టు కాదు, తోటమాలి. యాకోబు పత్రిక 5వ అధ్యాయములో కూడ రోగి పెద్దలను పిలిపిస్తాడు. అతని కోసము ప్రార్థించవలసినవారు ఆ పెద్దలే.

గెత్సేమనే తోటలో ప్రభువు ఆ గిన్నె తొలగిపోవాలని వేడుకొన్నాడు. అది తొలగలేదు. ఆయన ప్రార్థన చాలలేదని ఎవరైనా అనగలరా? ఆ రాత్రి లోపమంతా మెలకువగా ఉండమంటే నిద్రపోయిన స్నేహితులదే.

మరి రోగి ప్రార్థన చేయనక్కరలేదా? చేయాలి. అయితే దానికి మన ప్రాంతములోనే ఒక పాఠము ఉంది. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుండి మన సేద్యము కృష్ణ కాలువల మీదనే. ముదినేపల్లి చుట్టుపక్కల భూమిలోని నీరు చాలాచోట్ల ఉప్పన. అందుకే వేసవిలో కాలువలు కట్టేయక ముందే ఊరి చెరువు నింపుకుంటాము. ఆరోగ్యముగా ఉన్న దినములలో చేసే అనుదిన ప్రార్థన అలాంటిదే. నొప్పితో నోట మాట రాని రోజున ఆ చెరువే ఆదుకుంటుంది. అప్పటికీ ఒకరి చెరువు ఎండితే, పక్క ఊరివారు ట్యాంకరు పంపరా?

ఓర్పు కూడ నేల దగ్గరే నేర్చుకోవాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమ పొలాలను సముద్రపు నీరు ముంచెత్తింది. ఉప్పెక్కిన నేల ఒక్క తడితో బాగుపడదు. మంచినీరు పెట్టాలి, నిలవనివ్వాలి, మురుగు కాలువలోకి వదలాలి, మళ్ళీ పెట్టాలి. జీలుగ చల్లి పూత వేళకు కలియదున్నాలి. దుఃఖముతో చౌడుబారిన మనసు కూడ అంతే. వాక్యము లోపలికి వెళ్ళాలి, కన్నీరు, కోపము బయటికి పోవాలి. మురుగు దారి మూసి, "ఏడవకు, విశ్వాసముంచు" అంటే ఉప్పు లోపలే ఉండిపోతుంది.

కనుక రోగిని చూడవచ్చేవారికి మా మనవి. చేతులు కడుక్కొని రండి. ముందు రోగి చెప్పేది వినండి. అనుమతి అడిగి, మెల్లని స్వరముతో, క్లుప్తముగా ప్రార్థించండి. బాగైతే దేవునికి స్తోత్రము. బాగవకపోతే నింద రోగి మీద వేయవద్దు. ప్రార్థన చేశాము గనుక మాత్రలు మానేయమని ఎన్నడూ చెప్పవద్దు. క్షయకు సాధారణముగా 6 నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని ఆపితే జబ్బు మొండికెత్తుతుంది. షుగరు, బి.పి. మాత్రలు కూడ డాక్టరు చెప్పనిదే ఆపరాదు. నారు పోసిన రైతు నీరు పెట్టడం మానడు గదా.

ఇంటికి వెళ్ళిన తరువాత కూడ ఆ కుటుంబమును మరువకండి. ఒక పూట కూర పంపడం, మందుల చీటీ చదివిపెట్టడం, ఆసుపత్రికి తోడు రావడం, ఇవన్నీ పాదు చేయడమే. కాపు ఇచ్చేవాడు దేవుడు. గునపము మాత్రము మన చేతికే ఇచ్చాడు.

ప్రభువు మిమ్మును దీవించి, మీ గృహములకు స్వస్థత దయచేయును గాక. ఆమేన్.