కాగితం మానేస్తే చాలా?



మరో రెండు మూడేళ్లలో మీరు కాలేజి మెట్లెక్కుతారు. అక్కడ మీకొక మాట తరచు వినిపిస్తుంది: "మాది కాగితం లేని కాలేజి!" నోటీసులు ఫోనులోకే వస్తాయి. పాఠాలూ ఫోనులోకే వస్తాయి. చిన్న చిన్న పరీక్షలు కంప్యూటరు మీదే రాయవచ్చు. వినడానికి బాగానే ఉంది. కాని మనం సైన్సు చదువుకునేవాళ్లం. ఏ మాటనైనా లెక్క వేసి చూడందే ఒప్పుకోకూడదు గదా! రండి, చూద్దాం.

ముందు కాగితాన్ని తూచుదాం. ఎ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో దాదాపు 16వ వంతు. సాధారణంగా ప్రింటు తీసే కాగితం చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే రకం. అంటే ఒక్కొక్క కాగితం బరువు 5 గ్రాములు. 60 మంది ఉన్న తరగతిలో వారానికొక పరీక్ష పెట్టారనుకోండి. ప్రశ్నలకొకటి, జవాబులకొకటి చొప్పున ఒక్కొక్కరికి రెండు కాగితాలు. ఏడాదికి 30 వారాలయితే మొత్తం 3,600 కాగితాలు. అంటే 18 కిలోలు! ఇది ఒక్క తరగతికి, ఒక్క సబ్జెక్టుకు. కాలేజి మొత్తానికి ఎంతవుతుందో మీరే గుణించుకోండి.

ఈ కాగితం ఎలా తయారవుతుంది? రాజమండ్రి మిల్లు వంటి చోట్ల సరుగుడు, సుబాబుల్ వంటి చెట్ల కలపను ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి, గుజ్జుగా మారుస్తారు. ఈ చెట్లను రైతులు పంటగా పెంచుతారు. కాబట్టి ప్రతి కాగితానికీ ఒక అడవి నరికారనడం సరికాదు. అయితే గుజ్జును కడగడానికి, తెల్లబరచడానికి, ఆరబెట్టడానికి నీరు, రసాయనాలు, ఇంధనం కావాలి. అనవసరంగా వాడిన కాగితమంటే ఇవన్నీ అనవసరంగా ఖర్చయినట్లే.

మరి ఫోనుకు ఖర్చేమీ లేదా? 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీని రోజూ ఒకసారి పూర్తిగా చార్జి చేస్తే, ఏడాదికి సుమారు 7 యూనిట్ల కరెంటు సరిపోతుంది. ఇది పెద్ద ఖర్చు కాదు. అసలు ఖర్చు ఫోను మన చేతికి రాకముందే జరిగిపోతుంది. రాగి, బంగారం, కోబాల్టు, లిథియం వంటి లోహాలను గనుల్లోంచి తవ్వి తీయాలి. చిప్పులు తయారు చేయాలి. ఒక ఫోను తన జీవితకాలంలో కలిగించే కార్బన్ కాలుష్యంలో ఎక్కువ భాగం తయారీలోనే వస్తుంది. పాడయ్యాక అది ఎలక్ట్రానిక్ చెత్త అవుతుంది. కనుక ఉన్న ఫోనునో, కంప్యూటరునో వాడి కాగితం మిగిల్చితే తెలివి. కాగితం మిగల్చడానికని కొత్త పరికరం కొంటే అది పొదుపు కాదు.

అలాగని కంప్యూటరు చదువు వద్దని నేననడం లేదు. దాని అసలు లాభం వేరే చోట ఉంది. 1960లోనే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 'ప్లేటో' అనే కంప్యూటరు విధానంతో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డుగియమాస్ 'మూడుల్' అనే సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. దాన్ని ఏ కాలేజి అయినా ఉచితంగా తెచ్చుకుని తన కంప్యూటరులో పెట్టుకోవచ్చు. అందులో అధ్యాపకుడు పాఠాలు ఉంచవచ్చు, ప్రశ్నలు ఇవ్వవచ్చు. మీరు జవాబు గుర్తించగానే అది తప్పో ఒప్పో, ఎందుకో చెప్పేలా ఏర్పాటు చేయవచ్చు. కాగితం మీద రాసిన పరీక్షయితే దిద్ది ఇచ్చేసరికి వారం పడుతుంది. అప్పటికి ఆ ప్రశ్న సంగతే మరచిపోతాం. తప్పు చేసిన వెంటనే తెలుసుకోవడం, దిద్దే పని తగ్గిన అధ్యాపకుడు ఆ సమయాన్ని వెనకబడిన విద్యార్థికి ఇవ్వడం, ఇదీ అసలు లాభం. కాగితం మిగలడం దానికి కొసరు మాత్రమే.

కొన్ని చోట్ల ఆ కొసరు కూడా దక్కడం లేదు. నాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థిని తన ప్రాజెక్టును కంప్యూటరులో పంపింది. "ప్రింటు తీసి, బైండు చేయించి కూడా ఇవ్వాలి" అన్నారట! ఇప్పుడు పనీ రెట్టింపు, ఖర్చూ రెట్టింపు. పాత పద్ధతిని తీసేయకుండా కొత్తది పైన కప్పితే మిగిలేది ఏముంది?

ఇంకొక మాట. సర్క్యూట్ బొమ్మ గీయడం, లెక్కను మెట్టుమెట్టుగా సాధించడం, ఆలోచనలను కొట్టివేస్తూ మళ్లీ రాసుకోవడం, వీటికి కాగితం, పెన్సిలు ఇప్పటికీ మంచి పరికరాలే. వాటిని లాక్కోనవసరం లేదు. నోటీసులు, హాజరు పట్టికలు, ఒకే పాఠానికి 60 నకళ్లు, ఇవీ మానవలసిన కాగితాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి ఉంచాను. 2020లో బడులు, కాలేజీలు మూతపడినప్పుడు మీరే చూసి ఉంటారు. ఎన్నో ఇళ్లలో ఉన్నది ఒకే ఫోను. నాన్న దాన్ని పనికి తీసుకువెళితే పిల్లల పాఠం ఆగిపోయింది. కాగితం తీసేసి ఫోను పెట్టినప్పుడు, ఫోను లేని విద్యార్థి ముందు తలుపు మూసినట్లే. అందుకని కాలేజి కొన్ని పనులు తప్పక చేయాలి. గ్రంథాలయంలో కంప్యూటర్లు సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి. పాఠాలు ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా చదువుకునేలా, తక్కువ డేటాతో వచ్చేలా ఉండాలి. అడిగినవారికి, ఎందుకని ప్రశ్నించకుండా, అచ్చు ప్రతి ఇవ్వాలి. నలుగురు ఫోను లేనివారి కోసం నాలుగు ప్రతులు తీస్తే అది దుబారా కాదు, న్యాయం.

కాబట్టి మిత్రులారా, "కాగితం లేని కాలేజి" అని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ కాగితం తగ్గింది? ఏ చదువు పెరిగింది? ఎవరు వెనకబడ్డారు? మూడింటికీ సరైన జవాబు వస్తేనే మెచ్చుకోండి.

అంతవరకు ఒక పని చేయండి. మీ తరగతిలో ఒక నెలపాటు పారవేసే కాగితాలను పోగు చేసి తూచండి. ఒకవైపు ఖాళీగా ఉన్నవి ఎన్నో వేరుగా లెక్కపెట్టండి. వాటిని కుట్టి చిత్తు పుస్తకం చేసుకోండి. దీనికి కంప్యూటరు అక్కరలేదు. సూది, దారం చాలు!