డాక్టరమ్మ పేజీ: వేసవిలో మిగిలినవాళ్ళం



జూన్ రాగానే మన ఇళ్ళల్లో మంచాల కింది సూట్‌కేసులు బయటికొస్తాయి. సామాను తూచే స్ప్రింగు కాటా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అరువు వెళ్తుంది. అత్తగారికి బాదంపప్పు, మేనల్లుడికి సెంటుసీసా, ఎవరికివ్వాలో తేలని టాంగ్ డబ్బాలు నాలుగు. బళ్ళు మూశారో లేదో సగం సంఘం విమానం ఎక్కేస్తుంది. ఇక్కడ మిగిలేది సెలవు దొరకనివాళ్ళు, కొత్తగా పనిలో చేరినవాళ్ళు, టికెట్టు ధర విని ఆగిపోయినవాళ్ళు, నాలాగా డ్యూటీ చార్టులో పేరు పడినవాళ్ళు. ఈ ఏడు మా వారూ పిల్లలూ కర్నూలు వెళ్ళారు. నేనూ, ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడీ ఇక్కడున్నాం.

"వేసవి కార్యక్రమాల గురించి రాయండి" అన్నారు సంపాదకులు. ఆగస్టులో పాటకచేరీ పెడితే వినడానికి కుర్చీలు తప్ప ఎవరూ ఉండరని ఆయనకూ తెలుసు. కాబట్టి, నేను రెండు వేసవులుగా వెళ్తున్న చిన్న బృందం సంగతి రాస్తాను. మేం పది పన్నెండు మందిమి. ఒక నెల్లూరు ఇంజనీరు గారు, గోదావరి జిల్లా నర్సు ఒకావిడ, ఇద్దరు మలయాళీలు, ఒక పాకిస్తానీ ఫార్మసిస్టు, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కువైటీ టీచరమ్మ. శాంతి కోసం పనిచేస్తున్నామని మా మాట.

ఆ మాట విన్న ఒక మిత్రుడు కిందటి నెల విందులో నన్ను పక్కకు పిలిచి, "డాక్టరు గారూ, మనం నాలుగు దీనార్లు సంపాదించుకోవడానికి వచ్చినవాళ్ళం. ఈ శాంతీ గింతీ మనకెందుకండీ? లేనిపోని చిక్కు" అన్నారు. ఆయన భయం ఉత్తుత్తిది కాదు. ఇక్కడి 1979 నాటి చట్టం ప్రకారం పౌరులు కానివారు ఊరేగింపుల్లో, ప్రదర్శనల్లో పాల్గొనకూడదు. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు. మేం ఆ రెండూ చేయం. జెండా లేదు, నినాదం లేదు, రసీదు పుస్తకం లేదు. మరి చేసేదేమిటని ఆయన అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ముందు మన పెద్దాయన ఒకరు చెప్పిన కథ. సంఘంలో పాతవాళ్ళందరికీ ఆయన తెలుసు, పేరు వద్దన్నారు. 1990 ఆగస్టు 2, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆయన సాల్మియాలో ఉన్నారు. అదీ వేసవే. చాలామంది సెలవులకు ఇండియాలో ఉన్నారు. ఉండిపోయినవాళ్ళు చిక్కుకుపోయారు. బ్యాంకులు లేవు, ఫోన్లు లేవు, జీతం ఇచ్చే యజమాని ఎక్కడున్నాడో తెలియదు. కొన్నాళ్ళకు రాయబార కార్యాలయాలన్నీ మూసేయాలని ఇరాక్ హుకుం.

ఆ రోజుల్లో ఇక్కడి భారతీయులే కొందరు పూనుకుని బళ్ళల్లో శిబిరాలు నడిపారు. మాథ్యూస్ గారనీ, అందరూ టొయోటా సన్నీ అని పిలిచేవారు, వేదీ గారనీ, ఇలాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. బస్సులు కుదిర్చి, బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడినుంచి జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా జనాన్ని పంపారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి 1,11,000 మందికి పైగా ఇంటికి చేర్చింది. 2016లో దీనిమీద హిందీ సినిమా కూడా వచ్చింది. మాథ్యూస్ గారు 2017లో కన్నుమూశారు.

సినిమాలో లేని ముక్క పెద్దాయన చెప్పారు. "ఏమ్మా, అప్పుడు అన్నిటికంటే విలువైంది ఏంటో తెలుసా? నోటుబుక్కు. పిల్లల లెక్కల పుస్తకం వెనకవైపు నుంచి మొదలెట్టాను. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటిదగ్గర ఎవరికి కబురు చెప్పాలి. పట్టీలో పేరుంటే బస్సులో చోటు. పేరు లేకపోతే మనిషే లేడు."

"మరి మీ పట్టీలోకి అందరూ వచ్చారా బాబాయిగారూ?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. "రాలేదమ్మా. మా బిల్డింగు రాసుకున్నాం, ఆఫీసు రాసుకున్నాం, స్నేహితుల్ని రాసుకున్నాం. మా వెనక సందులో మన కడపవాళ్ళు ఇళ్ళల్లో పనిచేస్తుండేవాళ్ళు, ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు నాకెట్లా తెలుస్తాయి? పదేళ్ళు ఎదురుగా ఉన్నాం, ఒక్కరోజూ అడగలేదు. కొంతమందికి బస్సులున్న సంగతే ఆలస్యంగా తెలిసింది."

ఆ మాట విన్న వారానికే నా సంగతి నాకు తెలిసొచ్చింది. దాచుకోకుండా రాస్తున్నాను.

ఒక వేసవిలో మధ్యాహ్నం ఓపీలోకి ముప్పై దాటిన మనిషి వచ్చాడు. నడుంనొప్పి, కాళ్ళు పట్టేస్తున్నాయి. బయట నలభైమంది ఉన్నారు. నొప్పి మాత్రలు ఐదు రోజులకు రాసి పంపించాను. రెండు వారాల తరువాత మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అవే మాత్రలు. మూడోసారి వచ్చినప్పుడు ముఖం ఉబ్బి ఉంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ మూడింతలు పెరిగి ఉంది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని తెలుగులో అడిగాను.

"మాది రాయచోటి పక్కన పల్లె మేడం. పొద్దున నాలుక్కి లేసి పోతాం. పదకొండుకి పని ఆపుతారు. మళ్ళా నాలుక్కి."

"మధ్యాహ్నం ఎక్కడుంటారు?"

"రేకుల రూములో. ఏసీ పాడైంది."

"నీళ్ళు తాగుతున్నావా?"

"తాగితే ఒంటికి పోవాల గదా మేడం. దొడ్డి శానా దూరం. పని మధ్యలో పోతే మేస్త్రీ అరుస్తాడు. అందుకని తక్కువ తాగుతాం."

ఇక్కడ ఏటా జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మంచి నిబంధనే. అతని దగ్గర దాన్ని ఎవరూ మీరలేదు. చట్టం ఆగిన చోట నుంచి అతని కష్టం మొదలైంది. ఎండిపోయిన ఒంట్లో నేనిచ్చిన నొప్పి మాత్రలు మూత్రపిండాలకు అందే రక్తాన్ని ఇంకా తగ్గించాయి. మన ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదని చదువుకున్నదాన్ని. ఇతని జబ్బులో ఒక కారణం మాత్రం నా చేతిరాతలోనే ఉంది. మాత్రలు ఆపించి, సెలైను పెట్టించాక అంకె తగ్గింది గానీ మామూలుకు రాలేదు. సెలవు పెట్టి ఊరికి వెళ్ళిపోయాడు. మూడుసార్లు నా ఎదుట కూర్చున్న మనిషి పేరు చీటీ మీద ఉంది. మూడోసారి దాకా నేను చదవలేదు.

పెద్దాయన నోటుబుక్కూ, నా ఓపీ చీటీ ఒకటే తప్పు చేశాయి. అందుకే మా బృందం వేసవి పని చాలా చిన్నది, అయినా పట్టుబట్టి చేస్తాం. శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గాక అబ్బాసియాకో, మహబూలాకో వెళ్తాం. ముందే అక్కడి పెద్దమనిషికి చెప్పి, ఆయన సరేనంటేనే వెళ్తాం. లబన్ తీసుకెళ్తాం. ఇక్కడి లబన్ మన మజ్జిగే, చిటికెడు ఉప్పు వేస్తే అమృతం. ఇచ్చి వచ్చేయం. కూర్చుంటాం. పేరేంటి, ఏ ఊరు, ఎన్ని గంటలకు లేస్తావు, మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటావు, ఇంటికి కబురు చెప్పాల్సి వస్తే ఎవరికి చెప్పాలి. ఇష్టమైనవాళ్ళు చెప్తారు, లేనివాళ్ళు మజ్జిగ తాగి నవ్వి వెళ్తారు. చివరి ప్రశ్న అశుభంగా ఉందని మా నర్సు అక్క మొదట్లో ఒప్పుకోలేదు. 2024 జూన్ 12 తరువాత ఆవిడే ముందుగా అడుగుతోంది. ఆ తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులున్న భవనం తగలబడింది. నలభై మందికి పైగా భారతీయులు పోయారు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సివచ్చింది.

"ఇది సేవ, శాంతి ఎలా అవుతుంది?" అని మీరడగవచ్చు. వైద్యుల వైపు నుంచి జవాబు చెప్తాను. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ ఊళ్ళోని వైద్యుల్లో, నర్సుల్లో నూటికి 90 మంది చనిపోయారు, లేదా గాయపడ్డారు. కాలినవాళ్ళకు కట్టు కట్టేవాళ్ళే లేకపోయారు. 1980లో అమెరికా గుండె వైద్యుడు బెర్నార్డ్ లౌన్, సోవియట్ వైద్యుడు చజోవ్ కలిసి, అణుయుద్ధాన్ని నివారించే వైద్యుల అంతర్జాతీయ సంఘం పెట్టారు. రెండు శత్రుదేశాల డాక్టర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని చెప్పింది ఒక్కటే: ఈ జబ్బుకు మందు లేదు, రాకుండా చూడటమే వైద్యం. 1985లో ఆ సంఘానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బాంబు నుంచి బతికి బయటపడ్డవారి జపాన్ సంఘానికి 2024లో వచ్చింది.

హిరోషిమా స్మారకం కింద రాతిపెట్టెలో పేర్ల పుస్తకాలున్నాయి. ఏటా ఆగస్టు 6న, ఆ ఏడు పోయిన బాధితుల పేర్లు అందులో చేరుస్తారు. ఇప్పటికి 3,40,000 దాటాయి. పోయాక రాసే పేర్లు అవి. బతికుండగా రాసుకునే పేర్లు మన చేతిలో ఉన్నాయి. యుద్ధమైనా, మంటలైనా, ఎండైనా ముందు ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు: పట్టీలో పేరు లేనివాడి మీద. మా బల్ల దగ్గర కువైటీ టీచరమ్మ, పాకిస్తానీ తమ్ముడు, మేమూ కలిసి ఆ పట్టీ రాస్తుంటే, నాకు అది శాంతి పనిలాగే కనిపిస్తుంది. టీచరమ్మ చిన్నాన్న 1990లో పట్టుబడి తిరిగి రాలేదు. ఆవిడ ఆగస్టు 2న మాతో రాదు, ఇంట్లో ఉంటుంది. ఆగస్టు 6న మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇక ఈ నెల సంగతులు. ఆగస్టు 6 సాయంత్రం మా ఇంట్లోనే, కొద్దిమందిమి, ఊళ్ళో మిగిలిన పిల్లలతో కాగితపు కొంగలు చేయిస్తాం. బాంబు పడినప్పుడు రెండేళ్ళ పాప సదాకో సాసాకి 12వ ఏట, 1955లో, రక్త క్యాన్సరుతో పోయిన కథ చెప్తాం. భయపెట్టకుండా చెప్పే బాధ్యత నాది. ఆ వారంలోనే జాబ్రియా రక్తనిధికి నలుగురైదుగురు కలిసి వెళ్దాం. దాతలు సెలవుల్లో ఉంటారు, తలసీమియా పిల్లల అవసరానికి సెలవు ఉండదు. ముందురోజు నీళ్ళు బాగా తాగండి, ఖాళీ కడుపుతో రావద్దు.

శుక్రవారాలకు వచ్చేవాళ్ళు డబ్బు తేవద్దు, తీసుకోం. లబన్, నోటుబుక్కు, ఒక గంట తీరిక చాలు. మహిళలు రాగలిగితే మరీ మంచిది. మన ఆడపడుచులు ఇళ్ళల్లో పనిచేసేవారు మాకు చెప్పరు, మీకు చెప్తారు. 2015 నాటి ఇంటిపనివారి చట్టం ప్రకారం వాళ్ళకు వారానికి ఒకరోజు సెలవు ఉంది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. ఆ సంగతి తెలియని చెల్లెళ్ళు ఇంకా ఉన్నారు. తెలిసినా వంటింట్లోంచి బయటికి రాలేనివాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళతో మొదలుపెడితే మరీ సులువు.

డాక్టరమ్మ పేజీ కాబట్టి నాలుగు ముక్కలు కత్తిరించి గోడకు అంటించుకోండి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎండ అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా పని మెల్లగా పెంచాలి. మూత్రం ముదురు పసుపు అయిందంటే నీళ్ళు చాలలేదు. లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఎండలో పనిచేసేవాళ్ళు నడుంనొప్పికి సొంతంగా నొప్పి మాత్రలు మింగవద్దు, డాక్టరు రాసినా "నేను ఎండలో పనిచేస్తాను" అని చెప్పండి. మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా 112కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, నీళ్ళు పోసి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయవద్దు.

విందులో నన్నడిగిన మిత్రుడికి ఈ పేజీ ఒక కాపీ పంపుతున్నాను. ఆయనా ఈ వేసవి ఇక్కడే ఉన్నారు, కారులో నలుగురికి చోటుంది. వచ్చే శుక్రవారం అయిదున్నరకు, కిందికి దిగి హారన్ కొడితే చాలు.