ఎత్తేవారి నడుము

మంచాన పడినవారిని చూచుకొనడానికి మనిషిని పెట్టుకోవడం మన యిండ్లలో వాడుక అయిపోయినది. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన మామగారికి, పుట్టుకతోనే కాలు చేయి స్వాధీనంలో లేని పిల్లవానికి, వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీలో తిరిగే యువకునికి, ఒక ఆయాయో ఒక కుర్రవాడో ఏజన్సీ ద్వారా వస్తారు. ఉదయం 8 గంటలకు వచ్చి రాత్రి 8 గంటలకు వెళ్లేవారు కొందరు, రాత్రింబగళ్లు యింట్లోనే ఉండేవారు కొందరు. వచ్చిన మనిషిని మనం అడిగే ప్రశ్నలు మూడే. జీతమెంత? వంట కూడా చేస్తావా? యిదివరకు ఉన్న చోట యెందుకు మానేశావు? “మనిషిని ఎత్తి దించడం నీకు ఎవరైనా నేర్పారా అమ్మా?” అని అడిగిన గృహస్థును మేము యింతవరకు చూడలేదు.

అందుచేత యీ నెల మంచం మీద ఉన్నవారి సంగతి కాక, మంచం పక్కన నిలబడినవారి సంగతి వ్రాస్తున్నాము.

ఇంట్లోకి బియ్యం బస్తా వస్తుంది, 25 కిలోలు. దానిని మెట్లెక్కించడానికి కూలివానికి వేరే డబ్బు యిస్తాము. అదే యింట్లో 60 కిలోల తాతగారిని ఆయా రోజుకు ఆరేడుసార్లు మంచం మీదనుంచి కుర్చీలోకి, కుర్చీలోనుంచి స్నానాల గదికి, మళ్లీ మంచం మీదికి చేరుస్తుంది. బస్తాకు మూలలుంటాయి, పట్టు దొరుకుతుంది. అది భయపడదు, కాలు జార్చదు. మనిషి అట్లా కాదు గదా! సగం దూరంలో మోకాలు వణుకుతుంది, పడిపోతానేమో అని ఎత్తేవారి మెడ చుట్టూ చేతులు వేసి వ్రేలాడతారు. అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థలోని శాస్త్రజ్ఞుడొకరు 2007లో లెక్క వేసి, ఆసుపత్రి పనివారు ఒంటి చేతుల మీద మోయదగిన బరువు, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే, 35 పౌండ్లకు మించరాదని చెప్పినారు. అంటే సుమారు 16 కిలోలు. మన బియ్యం బస్తా కన్న తక్కువ.

ఫ్యాక్టరీలో పనివానికి నడుము పడితే ఇ.ఎస్.ఐ. అనేది ఒకటున్నది. ఆయాకు నడుము పడితే ఏజన్సీవారు మరునాడు వేరొక ఆయాను పంపుతారు. అంతటితో మన యింటి కష్టం తీరిపోతుంది. ఆమె కష్టం ఆమె వెంట ఊరికి పోతుంది.

చట్టం మాట కొంచెం చెప్పుకుందాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులు అంటే ఎవరో నిర్వచించినారు. జీతం తీసుకొని చేసేవారే కాక, జీతం లేకుండా చేసే తల్లిదండ్రులు, బంధువులు కూడా ఆ మాటలోకి వస్తారు. అధిక సహాయం కావలసిన వికలాంగులకు సంరక్షకుని భత్యం యిచ్చే మాట కూడా ఆ చట్టంలో ఉన్నది. అంతకు ముందే, 1992 చట్టంతో ఏర్పడిన పునరావాస మండలి శిక్షణలకు పాఠ్యక్రమాలు నిర్ణయిస్తున్నది. 1999 చట్టంతో వచ్చిన నేషనల్ ట్రస్టు ‘సహయోగి’ అనే పేర సంరక్షకుల శిక్షణ పథకం పెట్టినది. ఇక పనిచోట భద్రత గురించి 2020లో చేసిన చట్టసంహిత ప్రధానంగా పదిమందీ ఆ పైనా పనిచేసే చోట్లను చూస్తుంది. మన యింట్లో పనిచేసేది ఒక్కతే. ఆమెకు మన పడకగదే ఫ్యాక్టరీ, మనమే ఇన్‌స్పెక్టర్లం. ఒక్క విషయంలో మాత్రం చట్టం గడప దాటి లోపలికి వచ్చినది. స్త్రీలపై లైంగిక వేధింపుల చట్టం, 2013లో చేసినది, యిల్లు కూడా పనిచోటే అన్నది. ఆయా ఫిర్యాదు చేయదలిస్తే జిల్లాలోని స్థానిక కమిటీకి చేయవచ్చు. ఏజన్సీవారు యీ మాట ఆమెకు చెప్పరు. యింటి యిల్లాలు చెప్పడంలో తప్పేమీ లేదని మా అభిప్రాయం.

వేలూరు పెద్దాసుపత్రి తెలియని తెలుగువారు యీ ప్రాంతంలో ఉండరు. అక్కడి డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదంలో నడుము నుంచి కిందికి స్వాధీనం కోల్పోయినారు. చక్రాల కుర్చీలో కూర్చుండే ఆపరేషన్లు చేసినారు. ఆస్ట్రేలియాలో పెర్తులోనూ, తరువాత న్యూయార్కులోనూ పునరావాస వైద్యం చూచి, నేర్చి, తిరిగి వచ్చి ఆ శాఖను నడిపినారు. 1966లో అక్కడ పునరావాస సంస్థ వెలసినది. రోగిని యింటికి పంపే ముందు, వెంట వెళ్లేవారికి కూడా ఎత్తడం, తిప్పడం, పుండ్లు పడకుండా చూడడం నేర్పడం అటువంటి సంస్థల పద్ధతి. అక్కడ చేరినప్పుడు భార్యో కొడుకో మాత్రమే కాక, రేపు యింట్లో పనిచేయబోయే మనిషి కూడా నాలుగు రోజులు ఉండి చూస్తే ఆ ఖర్చు వృథా పోదు.

శిక్షణలో మొదటి పాఠం ఎత్తడం కాదు, ఎత్తకుండా గడుపుకోవడం. మంచం మీద ఉన్నవారిని ముందుగా అడగాలి, “మీరు ఎంతవరకు చేయగలరు?” అని. కుడి చేయి బాగున్నవారు ఆ చేతితో మంచం పట్టె పట్టుకుంటే బరువెంతో తగ్గుతుంది. కుర్చీని వారి బాగున్న పక్కనే వేసి, బ్రేకు బిగించి, కాలిపలకలు పక్కకు తీయాలి. మంచం మరీ పల్లమైతే కోళ్ల కింద గట్టి చెక్కదిమ్మలు పెట్టించండి, పనిచేసేవారు వంగకుండా చేయగల ఎత్తు వచ్చేవరకు. కూర్చోబెట్టి లేవదీసే వేళ మాత్రం కూర్చున్నవారి పాదాలు నేలకు ఆనేంత ఎత్తే ఉండాలి. కుంగిపోయిన నవారు మంచం ఎంత అచ్చి వచ్చినదైనా దానిని అటక మీదికి పంపవలసినదే. ఎత్తక తప్పనప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, మనిషిని ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. తిరగవలసివస్తే పాదాలు తిప్పాలి గాని నడుము మెలి తిప్పకూడదు. చంకల కింద చేతులు వేసి లాగడం మన యిండ్లలో అందరూ చేసేదే. పక్షవాతం వచ్చిన చేతిని అట్లా లాగితే భుజం కీలు జారుతుంది. మంచం మీద పైకి జరపాలంటే మెత్తని పాత నేత చీర నాలుగు మడతలు వేసి నడుము కింద పరచి, చెరొక పక్క ఇద్దరు పట్టుకొని జరపవచ్చు.

అంకె లెక్క మాత్రం ముందుగా మాట్లాడుకోవాలి. ఇద్దరూ ఒక్కసారిగా లేపకపోతే ఒకరి నడుము పోతుంది. మన యింటి ఆయా ‘ఒణ్ణు, రెండు, మూణు’ అంటుంది. బెంగుళూరులో అయితే ‘ఒందు, ఎరడు, మూరు’. పక్షవాతంతో మాట తడబడిన పెద్దవారికి కొందరికి చిన్ననాటి తెలుగే తెలుస్తుంది. ఆయాకు ‘లేవండి, ఆగండి, కూర్చోండి, నొప్పా?’ అనే నాలుగు తెలుగు మాటలు నేర్పడం కూడా భద్రతా శిక్షణే.

“నడుము వంచవద్దు, మోకాళ్లు వంచండి” అని గోడకు కాగితం అంటించి శిక్షణ అయిపోయినదనుకొనేవారున్నారు. భంగిమ ఒక్కటే నేర్పితే నడుము నొప్పులు పెద్దగా తగ్గడం లేదని పరిశోధనలు తేల్చినవి. సాధనం ఉండాలి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు నర్సులు 1998లోనే చేతులతో రోగిని ఎత్తబోమని విధానం పెట్టుకున్నారు. మెల్బోర్నులో చదువుకుంటూ వికలాంగుల సహాయకులుగా పనిచేసే మన పిల్లలు జోలెవంటి గుడ్డతో మనిషిని లేపే యంత్రం పట్టడం నేర్చుకుంటారు. (కొడుకు ఆయా పని చేస్తున్నాడని చెప్పుకోవడానికి సిగ్గుపడే తల్లులున్నారు. ఎందుకో మాకు అర్థం కాదు.) ఆ యంత్రం మన పట్నాలలో కొనడానికే కాదు, అద్దెకు కూడా దొరుకుతున్నది.

నడుము కాక మరి రెండు మూడు సంగతులు. ఇన్సులిన్ సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకోవడం మామూలు ప్రమాదం. మూత పెట్టకుండా గట్టి డబ్బాలో వేయాలి. హెపటైటిస్ బి టీకా మొదట ఒకటి, నెలకొకటి, ఆరు నెలలకొకటి, మొత్తం మూడు. ఆ ఖర్చు మనం భరించడం న్యాయం. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మానాలి. చెంచా పెట్టబోయినవారి వేలే తెగుతుంది. ఒక పక్కకు తిప్పి, తల కింద మెత్తనిది పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లవాడు కొట్టినా కొరికినా, తిరిగి కొట్టడానికి ముందు పంటి నొప్పి ఉన్నదేమో, దాహమేమో, పక్కింటి మైకు గోలేమో చూడాలి. అట్టి వేళ పనిమనిషి గది మూలకు కాక తలుపు పక్కన నిలబడడం మంచిది.

రాత్రంతా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పిన ఆయా పగలు కూడా నిలబడలేదు. నిద్రమత్తులో ఎత్తితే పడేది యిద్దరూ. రాత్రికి యింటివారిలో ఒకరు వంతు వేసుకోవాలి. వారానికొక రోజు సెలవు యివ్వాలి.

ఇక మంచం నుంచి కుర్చీకి జరిగే పలక. దుకాణంలో దొరకకపోతే వడ్రంగి చేత చేయించవచ్చు. పొడవు 30 అంగుళాలు, వెడల్పు 8 లేక 9 అంగుళాలు, మందం ముప్పాతిక అంగుళం. ముడులు లేని గట్టి చెక్క కావాలి. రెండు కొసలూ వాలుగా చెక్కించి, గరుకు కాగితంతో రుద్దించి, నున్నగా వార్నిషు వేయించండి. మొదట యింట్లో ఆరోగ్యంగా ఉన్నవారే దానిమీద జరిగి చూచి, వంగడం లేదని తేల్చుకున్న తరువాత వాడుకలో పెట్టవలెను.