మెరిట్ తొడుక్కున్న బూట్లు – 11

మెరిట్, మెరిట్ అని ఊదరగొట్టే పెద్దమనుషులారా, బన్సీలాల్‌పేట్ గల్లీలో పుట్టిన నేను ఒక్కటడుగుతా.

తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ పోరడు. పేదింటి బిడ్డ. జట్టులో ఆడాలంటే బూట్లుండాలన్నారు. చెప్పులు కుట్టే ఒకాయన పోలీసుల పాత బూట్ల తోలుతో జత కుట్టిచ్చాడు. తర్వాత ఆ కాళ్లే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై గోల్ కొట్టాయి, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణం తెచ్చాయి.

ఆ జట్టులో మొనగాళ్లు ముగ్గురు. చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ ఇచ్చారు. బలరాం అది అందకుండానే 2023లో పోయాడు. మెరిట్ ఒక్కటే అయితే తూకం ఎందుకు మారింది?

బూట్లు కుట్టినాయన పేరైతే ఏ చరిత్రా రాసుకోలేదు. మా గల్లీ పిల్లలు ఇంకా ఉత్త కాళ్లతోనే ఆడుతున్నారు. ముందు బూట్లియ్యండి. మెరిట్ ముచ్చట తర్వాత.

జై భీమ్.