ఏడవని బిడ్డ మంచి బిడ్డేనా?

నగరిలోనూ దాన్ని ఆనుకుని ఉన్న ఏకాంబరకుప్పంలోనూ మరమగ్గాలున్న వీధిలోకి వెళ్తే ముందుగా వినిపించేది మనిషి గొంతు కాదు. ఇల్లూ షెడ్డూ ఒకటే అయిన చోట, మగ్గం ఆడుతున్నంతసేపూ పక్కమనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. ఆ చప్పుడులోనే స్త్రీ కండెలు చుడుతుంది, తెగిన పోగు అతుకుతుంది, వంట చేస్తుంది, బిడ్డకు పాలిస్తుంది. ఒక ఇంట్లో పది నెలల పిల్లవాణ్ణి చూపించి "మావాడు సతాయించడమ్మా, యాడ పండబెడితే ఆడే ఉంటాడు" అని తల్లి సంతోషంగా చెప్పింది. పక్కింటివాళ్లు కూడా మంచి బిడ్డ అన్నారు. ఆ బిడ్డ పిలిస్తే తిరిగి చూడడం లేదు.

వినికిడి లోపమా, ఎదుగుదలలో ఆలస్యమా, పలకరించే తీరిక ఇంట్లో ఎవరికీ లేకపోవడమా అన్నది పరీక్ష చేస్తే గాని తెలియదు. కానీ పని సాగాల్సిన ఇంట్లో ఏడవని బిడ్డ వరం లాంటివాడు కాబట్టి పరీక్ష చేయించాలన్న ఆలోచనే రాదు. ఏడ్చే తల్లి మాత్రం అందరి కంటా పడుతుంది. ఆమెకు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, అదీ కుదరకపోతే పుట్టింటికి పంపేస్తారు.

నగరికి దగ్గరలోనే పుత్తూరు ఉంది. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి పొరుగు రాష్ట్రాల నుంచి కూడా అక్కడికి వస్తారు. చేయి విరిగిందని దాచుకునేవాళ్లు లేరు. అదే మనసు సంగతైతే వేలూరుకో తిరుపతికో పోతూ కూడా కడుపునొప్పికి చూపించుకోవడానికని చెప్పి పోతారు. ఇంట్లో పెళ్లికావలసిన ఆడపిల్ల ఉంటే అసలు పోనే పోరు.

ఈ మాటలకు ఆధారం కావాలంటే దూరం వెళ్లక్కరలేదు. వేలూరు దగ్గర కణియంబాడి బ్లాకు గ్రామాల్లో గర్భిణులుగా ఉన్నప్పటి నుంచి ప్రసవం తర్వాత వరకు స్త్రీలను గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. వారిలో 11 శాతం మందికి ప్రసవం తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చింది. కారణాల్లో తక్కువ ఆదాయం, మగబిడ్డ కావాలనుకున్నప్పుడు ఆడబిడ్డ పుట్టడం, అత్తతోనూ కన్నవారితోనూ పొసగకపోవడం, ఇంటిపనిలో సాయం లేకపోవడం ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన గోవా అధ్యయనంలో 23 శాతం మంది తల్లుల్లో కుంగుబాటు కనిపించింది. అక్కడ వీటికి భర్త హింస కూడా తోడయింది. ఈ కారణాల జాబితా చూడండి. మన పత్రికలు ఇన్నేళ్లుగా రాస్తున్నవే, మన సంఘాలు పంచాయితీలు చేస్తున్నవే.

అందుకే బిడ్డల మానసిక ఆరోగ్యమంటే నిపుణులకు వదిలేయాల్సిన కొత్త విషయంగా మనం చూడకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక పోరాటానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. రాత్రి పూట తండ్రి అడుగుల చప్పుడుకు పిలకాయలు ఉలిక్కిపడి లేవకూడదని కోరుకున్న తల్లులు మాత్రం ఆ పోరాటంలో ఉన్నారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నాటిది. జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లాను తీసుకున్నారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో లోపాలను, ఎదుగుదలలో ఆలస్యాన్ని ముందే గుర్తించే పథకం 2013లో వచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందడాన్ని హక్కు చేసింది. చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరుచేయకూడదని కూడా అందులో ఉంది. ఈ సంగతి మన కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు? పిచ్చిదని ముద్రవేసి బిడ్డను లాక్కున్న అత్తింటివారితో మాట్లాడేటప్పుడు ఇది పనికొచ్చే మాట.

అయితే లెక్కలు చూస్తే ప్రభుత్వ దృష్టి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. 13 ఏళ్ల లోపు పిల్లలను అసలు లెక్కలోకే తీసుకోలేదు. 2022 అక్టోబరులో 14416 నంబరుతో ఫోన్ సలహా సేవ పెట్టారు. మంచిదే. కానీ ఫోన్ భర్త జేబులో ఉండి, అత్త పక్కనే కూర్చుని, మగ్గం ఆడుతూ ఉంటే ఆమె ఎవరికి ఏమని చెప్పుకుంటుంది?

మనిషి ఇంటికి వెళ్లాలి. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో ఇలాగే చేశారు. గర్భిణిగా ఉండగానే కుంగుబాటుకు గురైన స్త్రీల ఇళ్లకు ఊళ్లోని మహిళా ఆరోగ్య కార్యకర్తలు ప్రత్యేక శిక్షణతో వెళ్లి మాట్లాడారు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు వారిలో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు అన్నిసార్లే వెళ్లిన ఊళ్లలో అది 53 శాతం. 2008లో వచ్చిన ఈ ఫలితాల్లో మరో విషయం ఉంది. శిక్షణ ఇచ్చిన చోట బిడ్డలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువగా పడ్డాయి, తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో ఆడుకోవడం పెరిగింది. అక్కడ డాక్టర్లు లేరు, మందులు లేవు.

ఇక్కడే నాకొక భయం ఉంది. ఈ మాట విన్న అధికారులు రేపే అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో మరో రిజిస్టరు పెడతారు. 2019లో ఆమె గౌరవ వేతనం 11,500 రూపాయలు చేశారు. వేతనం పెంచమని 2023 డిసెంబరులో సమ్మెకు దిగితే అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. 42 రోజుల సమ్మె అది. తన ఇల్లు గడవక రోడ్డు మీద కూర్చున్న స్త్రీని ఇంకొక స్త్రీ కన్నీళ్లు వినమని పంపడం, అదీ జీతం లేకుండా, మనం ఒప్పుకోవాల్సింది కాదు.

రెండో ప్రమాదం తల్లులకు పాఠాలు. బిడ్డతో మాట్లాడండి, ఆడించండి, కథలు చెప్పండి అంటారు. తప్పేం లేదు. కానీ ఎప్పుడు? ఆహార భద్రతా చట్టం 2013లో ప్రసూతి సాయం కనీసం 6,000 రూపాయలన్నది. 2017 నాటి కేంద్ర పథకం మొదటి కాన్పుకు 5,000కు కుదించింది. ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న శిశు సంరక్షణ గది ఇంటి షెడ్డులో మగ్గం నడిపేవారికి ఏనాడూ దక్కలేదు. మగ్గాల వీధుల్లో ఒక్కో శిశు సంరక్షణ కేంద్రం అడగడం, అందులో చేసేవారికి సరైన జీతం అడగడం, తండ్రులను కూడా అక్కడికి రప్పించడం మన సంఘాలు ఇప్పుడే తలపెట్టవచ్చు.

ఆ పది నెలల బిడ్డను తిరుపతికి తీసుకుపోవడానికి మూడు వారాలు పట్టింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఒకరోజు మగ్గం ఆగితే ఆ రోజు కూలి పోతుంది, అంతే. చివరికి కరెంటు కోత ఉన్న రోజు చూసుకుని బయలుదేరారు. చెవులు బాగానే ఉన్నాయని, ఇకపై నెలకోసారి తీసుకురమ్మని అక్కడ చెప్పారు. వచ్చే నెల కోత ఎప్పుడుంటుందోనని తల్లి ఇప్పటి నుంచే అడుగుతోంది.