లేబుల్ మీద అతికించిన కాగితం

2009లో ఇంగ్లండులో ఒక గ్రామఫోన్ రికార్డు 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఏడు అంగుళాల ప్లేటు, వైపుకో పాట. 1965లో అమెరికాలో మోటౌన్ కంపెనీ తన ‘సోల్’ లేబుల్ మీద అచ్చువేసింది. పాడింది ఫ్రాంక్ విల్సన్ అనే నల్లజాతి గాయకుడు. విడుదల ఆగిపోయింది, ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. మిగిలినవాటిలో ఒకదానికి పలికిన ధర ఇది. అప్పటికి విల్సన్ బతికే ఉన్నారు, 2012లో పోయారు. పాత రికార్డు చేతులు మారినప్పుడు పాడినవాళ్లకు వాటా ఇవ్వాలనే చట్టం అక్కడ లేదు.

ధర కన్నా నన్ను ఎక్కువ పట్టుకున్నది ఆ పాట అంతకుముందు బతికిన తీరు. 1973 నుంచి 1981 దాకా ఉత్తర ఇంగ్లండులోని విగన్ పట్టణంలో కాసినో అనే డాన్సు క్లబ్బు నడిచింది. మిల్లుల్లో, గనుల్లో పనిచేసే ఇళ్ల తెల్ల కుర్రకారు అక్కడ తెల్లారేదాకా ఆడేవాళ్లు. వాళ్లకు కావలసింది అమెరికాలో అమ్ముడుపోని అరవైల నాటి సోల్ రికార్డులు. హిట్టయిన పాటంటే చిన్నచూపు. ఎవరి దగ్గరా లేని రికార్డు ఎవరి దగ్గరుంటే ఆ డీజే గొప్ప. అందుకని డీజేలు లేబుల్ మీద కాగితం అతికించి, గాయకుడికి తప్పుడు పేరు పెట్టి పాట వేసేవాళ్లు, పక్కవాడు ఆ రికార్డును వెతికి పట్టుకోకుండా. దాన్ని ‘కవర్ అప్’ అనేవాళ్లు. విల్సన్ పాట విగన్‌లో ఎడ్డీ ఫాస్టర్ అన్న పేరుతో మోగింది. పాడిందెవరో తెలియకుండానే జనం చెమటోడ్చి ఆడారు.

ఆ కుర్రాళ్ల ప్రేమ అబద్ధమని నేననను. మరుగున పడిన గాయకులు కొందరికి వాళ్లు రెండో జన్మ ఇచ్చారు. విల్సన్ కూడా అనాథ కాలేదు, మోటౌన్‌లోనే రచయితగా, నిర్మాతగా నిలబడ్డారు. మోటౌన్ నల్లవాళ్ల కంపెనీయే. కానీ ఒకటి రెండు రికార్డులు చేసి, చిన్న కంపెనీలు మూతపడ్డాక ఇళ్లకు వెళ్లిపోయినవాళ్ల సంగతేమిటి? సేకరణకర్త ‘అరుదు’ అని మురిసిపోయేది వాళ్లకు దక్కని అవకాశాన్ని చూసే. ఆ రికార్డు నాలుగు లక్షలు అమ్ముడై ఉంటే ఇవాళ దాన్ని ఎవరూ అద్దాల బీరువాలో పెట్టరు.

ఇదంతా ధర్సీవాలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటారా? రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుని, సిల్తరా ఫ్యాక్టరీల పొగ దాటితే వచ్చే ఊరు ఇది. నేనుండేది ఇక్కడే. చుట్టుపక్కల సత్నామీల పేటల్లో తెల్ల జెండాతో జైత్‌ఖాంబ్ నిలబడి ఉంటుంది. డిసెంబరు 18న గురు ఘాసీదాస్ జయంతి. మాందర్, ఝాంఝ్ మోగుతుంటే పంథీ ఆడతారు. ఆ సమయానికే విశ్వవిద్యాలయాల నుంచి రికార్డర్లు దిగుతాయి. మాందర్ వాయించే ఒక పెద్దాయనను అడిగాను: “కకా, మీ పాట ఇప్పుడెవరి దగ్గరుంది?” “ఢిల్లీలో ఎవరో మేడమ్ దగ్గర బాబూ. ఒక కాపీ పంపిస్తానంది” అన్నారు. తర్వాత ఆయనే నవ్వారు. ఏళ్లయిందట.

ఆ హార్డ్‌డిస్కులో ఆయన పేరు ఉండదు. ‘సంప్రదాయ సత్నామీ గీతం, రాయ్‌పూర్ జిల్లా’ అని ఉంటుంది. విగన్ డీజే కనీసం ఏదో ఒక మనిషి పేరు పెట్టాడు. మన పండితులు మనిషినే తీసేసి జిల్లా పేరు పెడతారు! దేవదాస్ బంజారే పంథీని విదేశీ వేదికల దాకా తీసుకెళ్లారు కాబట్టి ఆయన పేరు మిగిలింది. ఆయన వెనుక ఆడినవాళ్లంతా ‘బృందం’.

‘జానపదం’ అనే మాట మన దేశపు కవర్ అప్ కాగితం. పశ్చిమ బెంగాల్ కళాకారుడు రతన్ కహార్ రాసిన పాటను 2020లో ర్యాపర్ బాద్‌షా వాడుకున్నప్పుడు ‘బెంగాలీ జానపదం’ అనే వేశారు. జనం గొడవ చేశాక బాద్‌షా ఐదు లక్షలు పంపారు. 2024లో కహార్‌కు పద్మశ్రీ వచ్చింది. రాసినవాడు బతికుండగానే పాట జానపదమైపోయింది! అదే ఒక కర్ణాటక కృతి అయితే కర్త పేరు లేకుండా ప్రచురించే ధైర్యం ఎవరికైనా ఉందా? మూడు వందల ఏళ్ల నాటి ముద్ర కూడా పదిలంగా ఉంటుంది. మన పాటకు మాత్రం ‘అజ్ఞాత సామూహిక సృష్టి’ అనే పెద్ద మాట దొరుకుతుంది.

చట్టం చూద్దామంటారా? కాపీరైట్ చట్టం ‘ప్రదర్శకుడు’ నిర్వచనంలో గాయకుడితోపాటు గారడీవాణ్ణీ, పాములాడించేవాణ్ణీ కూడా చేర్చింది. బాగుంది. 2012 సవరణ ప్రదర్శకులకు రాయల్టీ ఇచ్చింది, తన పేరు చెప్పమని అడిగే హక్కు కూడా ఇచ్చింది. అదే సవరణలో సినిమాకు ఒక మినహాయింపు పెట్టారు: ప్రదర్శన యాదృచ్ఛికమైనదై, పరిశ్రమ వాడుక ప్రకారం ఎక్కడా పేరు వేయనివాళ్లను ప్రదర్శకులుగా లెక్కించనక్కర్లేదట. ఇంతకాలం పేరు వేయలేదు కాబట్టి ఇకముందూ అక్కర్లేదు అన్నమాట. దీన్ని మన ఊళ్లలో ఆచారం అంటారు. ఇక పునర్విక్రయంలో వాటా సంగతి: 53ఎ సెక్షన్ ప్రకారం పెయింటింగ్, శిల్పం, రచన రాతప్రతి వంటివి పదివేలకు మించి తిరిగి అమ్ముడైతే కర్తకు పది శాతం దాకా వాటా ఉంది. రికార్డుకు లేదు. కాగితం మీద స్వరం రాసుకున్నవాడికి ఉంది, గొంతుతో పాడినవాడికి లేదు. కాగితం ఎవరి చేతిలో ఉండేదో ఈ పాఠకులకు నేను చెప్పాలా?

1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో మనవాళ్లు పాంథర్ల పేరు పెట్టుకున్నారు. ఈ బంధుత్వం గురించి సెమినార్లలో బాగానే మాట్లాడుకుంటాం. కానీ తప్పంతా సవర్ణ పండితులదే అని తప్పించుకోవడానికి వీల్లేదు. మీ లైబ్రరీలో డప్పు మీదో, చిందు మీదో మన పిల్లలే రాసిన థీసిస్ ఒకటి తీయండి. అనుబంధంలో పాటలుంటాయి. ఒక్కో పాట కింద పాడినవాళ్ల పేరు, ఊరు ఉందా? రికార్డింగు వాళ్లకు తిరిగి చేరిందా? ‘సమాచారదాత-4’ అని ఉంటే, ఆ పేరు దాచమని పాడినావిడ అడిగిందా, గైడు అడిగాడా?

ఈ డిసెంబరుకు ధర్సీవా వైపు వచ్చే పరిశోధక మిత్రులు రికార్డరుతోపాటు ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ కూడా తెచ్చుకోండి. పాట అయిపోయాక, ఊరు దాటకముందే కాపీ వేసి ఇచ్చి వెళ్లండి. కకా దగ్గర ఫోనుంది, చార్జరుంది. పేరు అడిగితే చెబుతారు, స్పెల్లింగుతో సహా.